మూడుసార్లు చదివిన ఆదివారం

తోర్కిల్ పాస్టర్ గుండె బాగుచేయించుకోవడానికి
కోపెన్‌హాగెన్ వెళ్ళేనాటికి
మా దీవిలో పద్నాలుగు మందిమి,
నాలుగు వందల గొర్రెలు.
హెలికాప్టర్ మెట్టు మీంచి ఏదో అరిచాడు.
రెక్కల హోరులో ఒక్కొక్కరికి ఒక్కోలా వినబడింది.
గంట మానొద్దన్నాడని నేను,
గొర్రెల్ని చూసుకోమన్నాడని మా ఆయన,
ఏమీ అనలేదు, దగ్గాడంతే అని ఎల్‌స్పా.

ఆదివారం వచ్చింది.
ఫారో దీవుల్లో ఆదివారం వానలోంచే వస్తుంది.
పీఠం ఎక్కనన్నాడు హానుస్.
కిందే నిలబడి పాత ప్రసంగాల పుస్తకం తెరిచాడు.
అంచులకి తాతలనాటి కొవ్వు దీపాల మసి.
నలభై ఏళ్ళు వల లాగిన వేళ్ళు
ఒక్క పుట తిప్పడానికి తడబడ్డాయి.
తుఫానుని పేరుపెట్టి తిట్టే గొంతు
ఆమేన్ దగ్గరికొచ్చేసరికి పిల్లాడి గొంతైంది.

రెండో ఆదివారం అదే ప్రసంగం.
మూడో ఆదివారమూ అదే.
ఎర్ర రిబ్బను కదల్లేదు.
చూపు మసకేసి ఎన్నాళ్ళయిందో,
చదువుతున్నాడో,
చిన్నప్పుడు తండ్రి నోట విన్నది అప్పజెబుతున్నాడో.
ఎవరం అడగలేదు.
మొదటిసారి నా ధ్యాస
పొయ్యి మీద వదిలొచ్చిన బంగాళాదుంపల మీదుంది.
రెండోసారి ఒక మాట తగిలింది, చెప్పులో రాయిలా.
మూడోసారి పక్క బెంచీలో బ్యోర్నా
పెదాలు కదుపుతున్నాడు.

అది కోతల ప్రసంగం.
గడ్డి తప్ప ఏదీ పండని ఈ రాళ్ళ మీద
గోధుమ చేల ముచ్చట.

ఫిబ్రవరిలో ఎల్‌స్పా పోయింది.
పదకొండు రోజులు పడవ లేదు, ఆకాశం దిగలేదు.
మేమే తవ్వాం, మేమే దించాం.
ప్రార్థన ఎవరు చెయ్యాలి?
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ఆమె కుక్క కూడా మా వంకే చూసింది.
హానుస్ టోపీ తీసి
అదే మొదలుపెట్టాడు, కోతల ప్రసంగం.
అందులో చావు మాటే లేదు.
పనివాళ్ళు నీడకి చేరడం ఉంది,
నీళ్ళకుండ చేతులు మారడం ఉంది.
మాకు అంతే ఉంది.
అది చాలిందని అనను. ఇంటిదాకా నడవగలిగాం.

పాస్టరు చల్లాల్సిన మూడు పిడికిళ్ళ మట్టి
ఒక జామ్ డబ్బాలో తీసి
మా పొయ్యి పక్కన పెట్టాను, తడవకుండా.
దాన్ని చూసిపోయే వంకన ఒక్కొక్కరూ వచ్చేవాళ్ళు.
వచ్చిన వాళ్ళు కాఫీకి కూర్చునేవాళ్ళు.
ఇరవై ఏళ్ళుగా పొట్టేలు తగువుతో మాట్లాడుకోని
బ్యోర్నా, యాకుప్
ఒక రాత్రి ఆ డబ్బాకి చెరోపక్క కూర్చుని
పడవ ఇంజను గురించి పోట్లాడుకున్నారు.
హమ్మయ్య అనుకున్నాను.

మే నెలలో ఆయన తిరిగొచ్చాడు.
కోటు ముందొచ్చినట్టుంది, మనిషి తర్వాత.
సమాధి దగ్గర చెయ్యి వణికి
రెండో పిడికిలి గాలికి పోయింది.
మూడోదానికి హానుస్ మణికట్టు పట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఆయనే పీఠమెక్కాడు.
సొంత ప్రసంగం రాసే ఓపిక లేక
పుస్తకం తెరిస్తే ఎర్ర రిబ్బను దగ్గరే తెరుచుకుంది.
చదువుతున్నాడు.
సగంలో ఊపిరి అందలేదు.
"పనివాళ్ళు నీడకి చేరారు, నీళ్ళకుండ..."
నా కాలు హార్మోనియం తొక్కుడు మీదే ఆగిపోయింది.
"...చేతులు మారింది" అన్నారు
ఎవరో వెనకనుంచి. తర్వాత అందరూ.
ఆ పైవాక్యమూ అన్నారు, దాని పైదీ.
పాస్టరు కళ్ళద్దాలు తీసి
ముందు మమ్మల్ని చూశాడు, తర్వాత హానుస్‌ని.
హానుస్ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నాడు,
అక్కడేదో ఉన్నట్టు.

పీఠం మెట్టు మీదే కూర్చుండిపోయాడు పాస్టరు.
కూర్చునే విన్నాడు, చివరిదాకా.

డబ్బా ఇంకా నా పొయ్యి పక్కనే ఉంది.
ఉన్ని ఉండలు వేసుకుంటున్నాను.
కాఫీకి మాత్రం వస్తూనే ఉన్నారు.